కేసీ కాలువలో 'సీ'

కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరి, నంద్యాల ప్రాంతం గుండా కడప దాకా సాగే కాలువను మా వైపు అందరూ కేసీ కాలువ అంటారు. మదరాసు ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ 1860లలో తవ్వించిన కాలువ అది. పొలాలకు నీళ్లూ పారాలి, సరుకుల పడవలూ నడవాలి అని వారి ఊహ. పడవల మాట అటకెక్కింది. చివరికి 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొన్నది. కే అంటే కర్నూలు, సీ అంటే కడప. ఇంగ్లీషువారు కడపను సీతో మొదలుపెట్టి, మధ్యలో రెండు డీలు వేసి, చివర ఒక హెచ్ తగిలించి వ్రాసేవారు. 2005లో ప్రభుత్వం ఆ వర్ణక్రమాన్ని మార్చి కేతో మొదలుపెట్టింది. ఆ లెక్కన కాలువ పేరు కేకే కాలువ కావాలి. కాలేదు. కడప పేరులోంచి వెళ్లిపోయిన సీ కాలువ పేరులో ఇంకా ఉంది.

మైదుకూరు దాపున, ఆ కాలువ నీళ్లు వస్తే వచ్చినట్టు, రాకుంటే లేనట్టు ఉండే ఊరు మాది. మా జేజికి ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. అయినా "కేసీ నీళ్లిడిచినారంటనే" అని ఊరందరికన్నా ముందు కబురు మోసుకొచ్చేది ఆమే. ఇంగ్లీషు అక్షరాలు రెండు ఆమె నోట్లో నిత్యం ఉండేవి, అవి ఇంగ్లీషని ఆమెకు తెలియకుండానే. మా ప్రాంతంలో ఇంగ్లీషు పరిస్థితిని ఇంతకంటె పొట్టిగా చెప్పడం నాకు చేతకాదు. అక్షరాలుగా అది ప్రతిచోటా ఉంది, సంభాషణగా ఎక్కడా లేదు.

నేను డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలో చదివి, కడపలో ఇంగ్లీషు ఎమ్మే చేసి, ఇప్పటికి రెండు దశాబ్దాలుగా కర్నూలులో ఒక డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు చెబుతున్నవాణ్ణి. ఇంగ్లీషు చెప్పుకు బతుకుతూ తెలుగులో బ్లాగు వ్రాసుకోవడం ఏమిటని కొందరు మిత్రులు వేళాకోళం చేస్తుంటారు. పగలంతా అద్దె ఇంట్లో ఉన్నవాడు రాత్రికి సొంతింటికి పోకుండా ఎక్కడికి పోతాడు? ఆ మాట అలా ఉంచి, ఇవాళ చెప్పదలచుకున్నది సాయంత్రం పూట నేను నడిపే ఒక తరగతి గురించి. నిత్యవ్యవహారానికి కావలసిన మధ్యమస్థాయి ఇంగ్లీషు నేర్పే తరగతి అది. డిగ్రీ, పీజీ చదువుతున్న పిల్లలు నలభై, యాభైమంది వస్తారు. ఏటా దసరా సెలవులయ్యేసరికి పాతికమంది మిగులుతారు.

ముందుగా ఆ 'మధ్యమ' అన్న మాట. ఇంగ్లీషులో దాన్ని ఇంటర్మీడియట్ అంటారు. మొదటి ఏడు నోటీసుబోర్డులో ఆ పేరుతోనే ప్రకటన పెడితే, "సార్, మేము ఇంటర్ ఎప్పుడో పాసయినాము కదా, మళ్లీ యాల?" అని ఇద్దరు నిజంగానే అడిగారు. తప్పు వారిది కాదు. తెలుగునాట ఆ మాట పదకొండు, పన్నెండు తరగతుల సొత్తయిపోయింది. ఐరోపా మండలి 2001లో భాషా సామర్థ్యాలకు ఆరు మెట్ల కొలబద్ద ఒకటి ప్రచురించింది. ఇప్పుడు ప్రపంచంలో చాలా పాఠ్యపుస్తకాలు ఆ మెట్ల ప్రకారమే తయారవుతున్నాయి. కింది రెండు మెట్లు ప్రారంభకులకు, పై రెండు ఆరితేరినవారికి. మధ్యవి రెండూ మా తరగతికి సంబంధించినవి. ఆ మధ్యమెట్లలో మొదటిదానిపై నిలబడినవాడు ఏమి చేయగలగాలో అందులో వ్రాశారు. ఆ భాష మాట్లాడే ప్రాంతంలో ప్రయాణం చేసేటప్పుడు ఎదురయ్యే సందర్భాలను చాలావరకు నెట్టుకు రాగలగాలట.

ఆ భాష మాట్లాడే ప్రాంతం! నేను ఆ పేజీ మీద చాలాసేపు ఆగిపోయాను. కర్నూలు ఆర్టీసీ బస్టాండులో దిగిన కుర్రవాడు రాత్రి హాస్టల్లో పడుకునేదాకా ఎవరెవరితో మాట్లాడతాడో ఒకసారి లెక్కవేసి చూడండి. కండక్టరుతో తెలుగు. పాతబస్తీలో చెప్పులు కుట్టించుకుంటే ఉర్దూ. ఉగ్గాని బజ్జీ తినే బండి దగ్గర తెలుగు. ఆదోని వైపు నుంచి వచ్చిన స్నేహితుడు ఇంటికి ఫోను చేస్తే పక్కన కాస్త కన్నడం. తరగతిలో ఇంగ్లీషు పుస్తకానికి తెలుగు వ్యాఖ్యానం. రోజంతా ఇంగ్లీషు అతని కంటికి కనపడుతూనే ఉంటుంది - బ్యాంకు ఫారం, మందుచీటీ, హాల్‌టికెట్టు, విత్తనాల ప్యాకెట్టు, స్కాలర్‌షిప్పు దరఖాస్తు. చెవికి మాత్రం వినపడదు, నోటికి తగలదు. అందుకే అర్థశాస్త్రంలో ముప్పై పేజీల అధ్యాయం చదివి సారాంశం వ్రాయగల పిల్లవాడు, తలనొప్పిగా ఉంది, గదికి వెళ్లనా అని అడగడానికి తడబడతాడు. నిత్యవ్యవహార భాష నేర్పుతామంటున్నాం, ఆ వ్యవహారం జరగడానికి ఒక నిత్యం లేకుండా.

ఈ కొరతను పాఠ్యపుస్తకాలు తమకు తోచిన విధంగా పూరిస్తాయి. నేను చదువుకున్న పుస్తకంలో విమానాశ్రయంలో జరిగే సంభాషణ ఒకటి ఉండేది. కిటికీ పక్క సీటు కావాలా, నడవ పక్క సీటు కావాలా అని ఒకామె అడుగుతుంది. నేనూ నా పక్కవాడూ ఆ పాఠాన్ని రెండు వారాలు వల్లించాం. మాలో విమానాన్ని దగ్గరగా చూసినవాడు లేడు. కడప విమానాశ్రయంలో కొత్త భవనం 2015లో తెరిచారు. కర్నూలుకు ఓర్వకల్లు దగ్గర విమానాశ్రయం 2021లో వచ్చింది. అంటే మేము పాఠం ముందు నేర్చుకున్నాం, ఊరు తర్వాత నేర్చుకుంది. తమాషాగా ఉంది గాని, అలా వల్లించిన వాక్యాలు నోటికి అంటుకోవు. చెప్పవలసిన అవసరం పుట్టకుండా చెప్పడం నేర్చుకున్న మాట పరీక్ష మరునాటికి ఎగిరిపోతుంది.

ఇక అసలు చిక్కు. బయటివారు అనుకున్నట్టు మా పిల్లలకు మాటలు తెలియక కాదు. మాటలు బోలెడు తెలుసు. చదువురాని మా రైతును బోరు గురించి కదిలించండి. రిగ్గు బండి, పాయింటు, కేసింగు, మోటారు, స్టార్టరు, ఫ్యూజు, ట్రాన్స్‌ఫార్మరు, రెండించుల నీళ్లు, ఫెయిలు, లోను, వడ్డీమాఫీ - పది మాటల్లో ఆరేడు ఇంగ్లీషువే దొర్లుతాయి. పలుకుబడి కూడా నా లెక్కలో పెద్ద అడ్డు కాదు. మనది అజంత భాష, హల్లు మీద ఆగితే కాలు కుంటినట్టు ఉంటుంది కాబట్టి బస్సు, రోడ్డు, బుక్కు అంటాం. ఇస్కూలు, ఇస్టేషను అంటే కొందరు నవ్వుతారు. నవ్వనీయండి. విన్నవాడికి అర్థమయితే చాలు.

చిక్కంతా మర్యాద దగ్గర ఉంది. మూడేళ్ల క్రితం ఒక పీజీ విద్యార్థి నా ముందే బెంగళూరులోని ఒక కార్యాలయానికి ఫోను చేశాడు. శిక్షణ పూర్తిచేసిన ధ్రువపత్రం వారు పంపవలసి ఉంది, పంపలేదు. వాడు గట్టిగా ఊపిరి తీసుకుని, "ఐ వాంట్ మై సర్టిఫికెట్. సెండ్ ఇట్" అన్నాడు. అవతలివారు ఫోను పెట్టేశారు. వ్యాకరణంలో దోషం లేదు. ఒక్క పదం తప్పు లేదు. ఆ కుర్రవాడు నేను చూసినవారిలో అతి వినయస్థుల్లో ఒకడు. అదే మాట తెలుగులో చెప్పవలసివస్తే, "సార్, నా సర్టిఫికెట్టు ఇంకా రాలేదు సార్, రవంత చూసి పంపిస్తారా సార్" అని ఉండేవాడు. ఒక్క వాక్యంలో మూడు సార్లు, ఒక రవంత, చివర ఒక ప్రశ్న. ఆ వినయమంతా ఇంగ్లీషు గడప దాటేసరికి ఎక్కడికి పోయింది?

మనకు మర్యాద క్రియాపదం చివర ఉంటుంది, పిలుపులో ఉంటుంది. రండి, కూచోండి అన్న తర్వాత వేరే ప్లీజు అక్కరలేదు. అన్నా, అక్కా, అప్పా, చిన్నాయనా అని పిలిచామంటే సగం పని అయిపోయినట్టే. మా వైపు 'రవంత' అన్న మాట నీళ్లు అడిగినా, దారి అడిగినా, అప్పు అడిగినా ముందుండి నడుస్తుంది. ఇంగ్లీషులో ఇవేవీ లేవు. అక్కడ మర్యాద వుడ్, కుడ్ అనే చిన్న మాటల్లో, భూతకాలంలో దాక్కుని ఉంటుంది. "ఐ వాజ్ వండరింగ్" అని నిన్నటి ముచ్చటలా మొదలుపెట్టి ఈనాటి పని అడుగుతారు. ఇప్పుడు కావలసినదానికి గతంలోంచి చుట్టుతిరిగి రావడమే అక్కడి పెద్దమనిషితరహా. ఈ సంగతి మా వ్యాకరణ పుస్తకాల్లో కాలాల అధ్యాయంలో ఎక్కడో చివరన రెండు పంక్తుల్లో ఉంటుంది. నేను దాన్ని మొదటి వారంలోకి లాక్కొచ్చాను. "కుడ్ యు అంటే ఇంగ్లీషువాళ్ల రవంత" అని బోర్డు మీద వ్రాశాను. మరునాటి నుంచి "సార్, రవంత డస్టర్ ఇయ్యండి" అనడం మాని "కుడ్ యు గివ్ మి ది డస్టర్" అనడం మొదలయింది. ఆ ధ్రువపత్రం కుర్రవాడు మళ్లీ ఫోను చేశాడు. పదిహేను రోజులకు కాగితం వచ్చింది. కుడ్ వల్ల వచ్చిందో, వారికే గుర్తుకొచ్చి పంపారో మాత్రం నేను హామీ ఇవ్వలేను.

ఇటువంటి సందుగొందులు ఇంకా ఉన్నాయి. మనకు 'హ్యావ్' అనే క్రియ లేదు. నాకు ఇద్దరు అన్నలున్నారు అంటాం. అన్నలు ఉంటారు, మనం వారిని 'కలిగి' ఉండం. అందుకే "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్" అని మావాడు అన్నప్పుడు నాకు కోపం రాదు. లేనిదాన్ని తెచ్చుకున్నప్పుడు కాస్త ఎక్కువే తెచ్చుకుంటాం. మేము, మనము రెండూ 'వి'లో కలిసిపోవడం వారికి ఎప్పటికీ మింగుడుపడదు. ఎదురుగా ఉన్నవాణ్ణి కలుపుకున్నామో వదిలేశామో తెలియని భాష ఏమి భాష సార్ అని ఒక అమ్మాయి నిలదీసింది. మీ నాన్నగారికి మీరు ఎన్నో సంతానం అన్న చిన్న ప్రశ్న ఇంగ్లీషులో సూటిగా అడగలేమని తెలిసినరోజు తరగతి అంతా పండగ చేసుకుంది. ఇంగ్లీషుకూ రానిది ఒకటి ఉందన్న సంతోషం ఎంత ధైర్యాన్నిస్తుందో ఆ రోజే చూశాను.

ఈ గొడవంతా తిరగేసి అనుభవించినవాడు ఒకాయన మా కడపలోనే ఉండేవాడు. మీలో చాలామందికి ఆయన నిఘంటువు నిత్యపారాయణం. చార్లెస్ ఫిలిప్ బ్రౌను మదరాసులో సెయింటు జార్జి కోట కళాశాలలో తెలుగు చదువుకుని, పరీక్ష గట్టెక్కి, 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు. అప్పటికి ఆయనదీ మధ్యమస్థాయే అనుకోవచ్చు. ఆ తర్వాత ఆయన వేమన పద్యాలు సేకరించడం, సొంత డబ్బుతో పండితులను పోషించడం, వ్రాతప్రతులు సరిచూపించి శుద్ధప్రతులు వ్రాయించడం మీకు తెలిసిన కథే. నా ఆసక్తి మరోచోట. 1840లో వ్యాకరణమూ, 1852లో నిఘంటువూ వెలువరించిన మనిషి, అదే 1852లో 'వాక్యావళి' అని ఒక అభ్యాస పుస్తకం వేశాడు. ఇంగ్లీషు నుడికారం, తెలుగు నుడికారం పక్కపక్కన పెట్టి, ఏ భాష నేర్చుకునేవారికైనా పనికివచ్చేటట్టు కూర్చిన పుస్తకం. వాడుకభాషలో ఉన్న తాతాచారి కథలను, అనంతపురం చరిత్ర చెప్పే 'రాజుల యుద్ధములు' వంటి వచనాన్ని కూడా అచ్చువేయించాడు. ప్రబంధాలు అర్థమయినంత మాత్రాన ఎదుట నిలబడిన రైతు మాట అర్థం కాదని ఆయనకు తెలుసు.

ఆయనకు ఉన్నదీ, మా పిల్లలకు లేనిదీ ఒక్కటే - కడప. ఆయన చుట్టూ పొద్దున లేస్తే తెలుగే. అర్జీ తెలుగులో, తగాదా తెలుగులో, ఇంట్లో పండితులతో చర్చ తెలుగులో. భాష నేర్చుకోవడానికి ఒక ఊరే దొరికింది ఆయనకు. ఎర్రముక్కపల్లెలో ఆయన బంగళా ఉన్నచోట జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదల వల్ల లేచిన గ్రంథాలయం, 2006లో ఏర్పడిన యోగి వేమన విశ్వవిద్యాలయం పరిధిలో ఇప్పుడు భాషాపరిశోధన కేంద్రంగా నడుస్తున్నది. మా తరగతి పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకుపోయాను. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా పొద్దున బయలుదేరిన బస్సులో నిబంధన ఒకటే. పక్కనున్నవాడితో ఏది మాట్లాడినా ఇంగ్లీషులోనే. నంద్యాల దాకా బస్సు నిశ్శబ్దంగా సాగింది. చాగలమర్రి దాటాక ఆకలి మొదలై నోళ్లు తెరుచుకున్నాయి. ఆకలికి మించిన ఉపాధ్యాయుడు లేడు.

ఆ ప్రయాణంలో నాకు తట్టిన ఉపాయం ఒకటి తర్వాత తరగతిలో పెట్టి చూశాను. వారికి బయట ఇంగ్లీషు ఊరు లేదు కనుక, వారి ఊరినే తరగతిలోకి తెచ్చి ఇంగ్లీషులో నిలబెట్టాలి. విమానాశ్రయం వద్దు, బోరుబావి చాలు.

షరతు వాక్యాల పాఠం వచ్చింది. పుస్తకంలో ఉదాహరణ ఏమిటో తెలుసా? వాన వస్తే మ్యాచ్ రద్దు చేస్తాం. ఏడాది మొత్తానికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడితే అదే గొప్ప అనుకునే ప్రాంతంలో, వాన వస్తే మానేసే పని ఏముంటుంది? వాన వస్తే చేసే పనులే అన్నీ. "ఇఫ్ ఇట్ రెయిన్స్" అని సగం వాక్యం బోర్డు మీద వ్రాసి, మిగతా సగం మీరు పూర్తిచేయండి అన్నాను. బుడ్డలు విత్తుతాం, బాకీ తీరుస్తాం, అక్క పెండ్లి చేస్తాం, మానాయన బెంగళూరు నుంచి తిరిగొస్తాడు. పది నిమిషాల్లో బోర్డు నిండింది. తప్పులున్నాయి. ఉండనిచ్చాను.

తర్వాతిది కష్టమైనది - జరగనిదాన్ని గురించి చెప్పే మూడో రకం షరతు. ఇంగ్లీషు వ్యాకరణంలో పిల్లలు హడలిపోయే చోటు అదే. హ్యాడ్ ఒకచోట, వుడ్ హ్యావ్ మరోచోట. నిజానికి తెలుగులో దీనికి చక్కటి అమరిక ఉంది. పడి ఉంటే, వచ్చి ఉండేది. మా ప్రాంతంలో ముసలివాళ్లు అరుగు మీద కూచుని మాట్లాడేది సగం ఈ వాక్యాల్లోనే. ఆ ఏడు వాన పడి ఉంటే, ఆ బోరు పడి ఉంటే, ఆ ఎకరా అమ్మకుండా ఉంటే. అదే చెప్పి, ఒక్కొక్కరూ ఒక్క వాక్యం వ్రాసి చదవమన్నాను.

ఒక కుర్రవాడు, బోరు ఫెయిలు కాకుండా ఉంటే మా నాన్న బెంగళూరు పోయి ఉండేవాడు కాదు అని చదివాడు. ఆళ్లగడ్డ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, అప్పటిదాకా హాజరు పలకడానికి తప్ప నోరు విప్పనిది, లేచి నిలబడి చదివింది. "ఇఫ్ ఇట్ హ్యాడ్ రెయిన్డ్ దట్ ఇయర్, మై సిస్టర్ వుడ్ హ్యావ్ కేమ్ టు దిస్ క్లాస్." చివర కేమ్ కాదు, కమ్ అనాలి. నేను దిద్దలేదు. దిద్దే చోటు కాదది.

తరగతి కాసేపు ఊరుకుంది. తర్వాత వెనుక బెంచీ నుంచి ఒకడు, "వేర్ ఈజ్ షి నౌ?" అన్నాడు. ఇంటి దగ్గరే. ఎన్నేళ్లు? తనకన్నా రెండేళ్లు పెద్ద. ఏమి చదివింది? పది, అదీ పరీక్షలు వ్రాయకుండా. "వాట్ వర్క్?" "క్రాసింగ్." టౌను నుంచి వచ్చిన ఒక పిల్లవాడు రైలుగేటు అనుకున్నాడు. అక్కడ ఉద్యోగమా అని అడిగాడు. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. పత్తి విత్తనపు చేలల్లో మగపువ్వు తెచ్చి ఆడపువ్వుకు చేతితో పుప్పొడి అద్దే పని గురించి విరిగిన ఇంగ్లీషులో, చేతులతో చూపుతూ, ఐదారు నిమిషాలు చెప్పింది. పొద్దున ఏ వేళకు మొదలుపెడతారు, ఎండెక్కితే ఏమవుతుంది, కూలి ఎంత, అన్నీ. వృక్షశాస్త్రం చదువుతున్న పిల్ల మధ్యలో రెండు మాటలు అందించింది. ఆ ప్రశ్నలేవీ నేను అడగమన్నవి కావు. వారు నిజంగా తెలుసుకోదలచి అడిగారు, ఆమె నిజంగా చెప్పదలచి చెప్పింది. నా ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నిత్యవ్యవహార ఇంగ్లీషు అనదగినది కర్నూలులో నేను మొదటిసారి విన్నది ఆ రోజే.

పండగకు ఇంటికి పోయినప్పుడు ఆ వాక్యం వాళ్లక్కకు చదివి వినిపించిందట. అర్థం చెప్పమని అక్క అడిగితే, నువ్వు కూడా మా తరగతికి వచ్చి ఉండేదానివి అని చెప్పాను సార్ అంది. ఏమన్నది మీ అక్క అని నేను అడగలేదు. ఆ తర్వాతి ఏడు దూరవిద్యలో పది పరీక్షకు ఫీజు కట్టారని మాత్రం తెలిసింది. పాసయిందో లేదో నాకింకా కబురు రాలేదు.

మాధ్యమం గురించి ఒక మాట. 2021-22 విద్యాసంవత్సరం నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కళాశాలలన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మారాలని ప్రభుత్వం ఆదేశించింది. దానివల్ల తెలుగు చచ్చిపోతుందనేవారూ, పేదపిల్లలకు తలుపులు తెరుచుకున్నాయనేవారూ హోరాహోరీగా వాదించుకున్నారు. తరగతి గదిలో నిలబడేవాడిగా నాకు కనిపించినది వేరు. పుస్తకాలు మారాయి, ప్రశ్నపత్రాలు మారాయి, నోళ్లు మారలేదు. పాఠం ఇదివరకటిలాగే తెలుగులోనే సాగుతుంది. కాకపోతే ఇదివరకు అర్థం చేసుకుని సొంతమాటల్లో వ్రాసేవారు ఇప్పుడు అర్థం కానిదాన్ని బట్టీపట్టి వ్రాస్తున్నారు. చదువే ఇంగ్లీషులో ఉంది కదా, మళ్లీ మాట్లాడటం వేరే నేర్పాలా అని పైవారు అనుకోవడం ఈ మార్పుతో వచ్చిన కొత్త చేటు. ఇంగ్లీషు నేర్పడం వేరు, ఇంగ్లీషులో పాఠం పెట్టడం వేరు. మొదటిది నా వృత్తి. రెండోదానితో అది జరిగిపోతుందని నమ్మేవారితో నాకు పేచీ.

ఇంకో వింత చూడండి. మా పిల్లలు ఫోనులో రోజంతా ఇంగ్లీషు అక్షరాలే టైపు చేస్తారు. అక్షరాలు ఇంగ్లీషువి, మాటలు తెలుగువి. తిన్నావా, పన్నావా, యాడుండావు. లేఖిని పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి, కింద తెలుగు మొలుస్తుంటే మురిసిపోయిన మనకు ఈ దృశ్యం సగం పరిచితమే. మిగతా సగమే మనసులో గుచ్చుకునేది.

చివరగా మొన్నటి సంగతి. పత్తికొండ వైపు నుంచి వచ్చే విద్యార్థి ఒకడు తల్లిని చూపించడానికి వేలూరు వెళ్లివచ్చాడు. మా జిల్లాలవారికి పెద్ద జబ్బు చేస్తే హైదరాబాదో, బెంగళూరో, వేలూరో తప్పదు. అక్కడి నర్సు, నొప్పి డల్లుగా ఉందా, షార్పుగా ఉందా అని ఇంగ్లీషులో అడిగిందట. వీడికి ఆ రెండు మాటలూ బడిలో తెలిసినవే. డల్లు అంటే చదువురానివాడు, షార్పు అంటే తెలివైనవాడు. నొప్పికి ఇవేమిటో బోధపడక, మంచి మాట కదా అని షార్పు అన్నాడు. తల్లి పక్కనుంచి "పోటు కాదు నాయనా, సలుపు, రేత్రంతా సలుపు" అని చెబుతూనే ఉందట. ఆ పక్క మంచం దగ్గర చిత్తూరు వైపు ఆయా ఒకామె ఉండి, విని, నర్సుకు అరవంలో సరిగ్గా చెప్పింది. "ఆయమ్మ లేకుంటే ఏమయ్యేదో సార్" అన్నాడు వాడు. ముందు వారం నేర్చుకున్న మూడో షరతు వాక్యాన్ని, తెలుగులోనే, తనకు తెలియకుండానే వాడేశాడు.

మరునాడు పాఠం పక్కనపెట్టి నొప్పుల జాబితా వేశాం. ఇంటి దగ్గర అమ్మలు, జేజిలు నొప్పులను ఎన్ని రకాలుగా చెబుతారో అన్నీ చెప్పమన్నాను. సలుపు, పోటు, మంట, గుంజు, తీపు, తిమ్మిరి, జివజివ, పట్టు, నులి, ఒళ్లు విరుపులు. ఒక్కొక్కదానికి ఇంగ్లీషు మాట వెతుకుతూ పోయాం. సలుపుకు థ్రాబింగ్ సరిపోయింది. మంటకు బర్నింగ్. పోటుకు స్టాబింగ్ అన్నాం. నులికి క్రాంప్. ఒళ్లు విరుపులకు బాడీ పెయిన్స్ అని సరిపెట్టాం గాని, అందులో విరుపు పోయింది. ఎవరికి వారు ఇంటి ముసలివాళ్ల నొప్పిని నటించి చూపితే, ఎదుటివారు ఇంగ్లీషులో అడిగి కనుక్కోవాలి. వేలూరు వెళ్లివచ్చినవాడు నర్సు వేషం వేశాడు. ఆ గంటలో ఎవరూ వాచీ చూసుకోలేదు.

ఒక్క మాట మాత్రం బోర్డు మీద ఖాళీగా మిగిలిపోయింది. కలుపుతీసి ఇంటికొచ్చిన ఆడవాళ్లు సాయంత్రం అరుగు మీద కూచుంటూ అంటారే, కాళ్లు పీకుతున్నాయి అని, అది. ఏకింగ్ అంటే మామూలు నొప్పి అయిపోతుంది. పుల్లింగ్ అంటే కండరం పట్టినట్టు ఉంటుంది. పీకడంలో అలసట ఉంది, లోపలినుంచి ఎవరో లాగుతున్నట్టు ఉంది, కాస్త ఒత్తితే పోతుందన్న ఆశ కూడా ఉంది. బ్రౌను నిఘంటువూ తిరగేశాను, తృప్తి కలగలేదు. మీలో చాలామంది ఏళ్ల తరబడి ఇంగ్లీషు దేశాల్లో ఉంటున్నవారు. అక్కడ రోజంతా నిలబడి ఇంటికి చేరినవారు ఏమంటారో విని ఉంటారు. సోమవారం సాయంత్రం మళ్లీ తరగతి ఉంది, పిల్లలు తప్పకుండా అడుగుతారు. తెలిసినవారు ఈలోగా వ్యాఖ్యల్లో చెప్పగలరు.